నేను పట్టుకున్న చెయ్యి

కబడ్డీ ఆడి బతికానంటే ఇప్పుడు ఎవరూ నవ్వరు. మా రోజుల్లో నవ్వేవాళ్ళు. పెళ్ళిచూపుల్లో మా మామగారు "అబ్బాయి ఏం చేస్తాడండీ?" అని అడిగితే మా నాన్న "మిల్లులో ఉద్యోగమండి" అన్నాడు. అబద్ధం కాదు. తెనాలిలో ఒక బియ్యం మిల్లు హాజరుపట్టీలో కాపలావాళ్ళ కింద నా పేరుండేది. ఆ మిల్లుకి నేను ఒక్కరోజు కూడా కాపలా కాయలేదు. పొద్దునా సాయంత్రం మిల్లు వెనక మట్టి కోర్టులో ఒళ్ళు హూనం చేసుకోవడం, తిరణాళ్ళకీ పండగలకీ పెట్టే టోర్నమెంట్లలో ఆ మిల్లు పేరు మీద ఆడడం, అదీ నా ఉద్యోగం.

ఎనభైల మొదట్లో మొదలుపెట్టి తొంభైల మధ్యదాకా ఆడాను. తెనాలి, బాపట్ల, రేపల్లె, ఈ మూడూళ్ళ చుట్టూనే నా ఆటంతా. జట్లు మాత్రం చాలా మారాను. ఎవరు పిలిస్తే వాళ్ళ బనియను తొడుక్కున్నాను. జిల్లా జట్టు దాటి పైకి పోలేదు. ఇప్పుడు కాలేజీ గ్రౌండులో కనపడే కుర్రాళ్ళు నన్ను మ్యాట్ గురించి, బూట్ల గురించి, టీవీలో ఆటగాళ్ళకి పలికే ధరల గురించి అడుగుతారు. వాటి గురించి నాకేమీ తెలీదు. నాకు తెలిసింది వాళ్ళు అడగరు. అందుకని రాస్తున్నాను.

పట్టేవాడి పని

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఎదుటి జట్టు నుంచి ఒకడు కూత పెట్టుకుంటూ గీత దాటి మన వైపు వస్తాడు. మనలో ఒకణ్ణి ముట్టుకుని, కూత ఆగేలోపు తిరిగి వెళ్ళి గీత తాకితే పాయింటు వాడిది. వెళ్ళనివ్వకుండా పట్టుకుంటే పాయింటు మనది. కూతకెళ్ళేవాళ్ళకి పేరొస్తుంది. పట్టేవాళ్ళకి దెబ్బలొస్తాయి. నేను పట్టేవాణ్ణి.

పట్టేవాడు ఒంటరిగా చేయగలిగింది తక్కువ. మూల నిలబడ్డవాడు, వాడి పక్కవాడు చేతులు పట్టుకుని కదులుతారు. దాన్ని గొలుసంటాం. కూతగాడు లోపలికి దిగగానే ఒకడు కాళ్ళ మీద పడతాడు, రెండోవాడు దారికి అడ్డం తిరుగుతాడు. చేతులు విడిపోతే ఆ సందులోంచి కూతగాడు జారుకుంటాడు.

మోకాళ్ళు, భుజాలు, నడుము ఎలా కాపాడుకోవాలో ఇప్పటి కోచ్‌లు బాగానే చెబుతున్నారు. చెయ్యి గురించి ఎవరూ చెప్పరు. ఒక మనిషి చెయ్యి రోజూ గంటల తరబడి పట్టుకుంటే వాడికి జ్వరమొచ్చిందని వాడి భార్యకంటే ముందు మనకే తెలుస్తుంది. ఇంట్లో గొడవపడి వచ్చాడా, ఎదుటివాడికి భయపడుతున్నాడా, అన్నీ తెలుస్తాయి. కనీసం నేను అలాగే అనుకునేవాణ్ణి. పట్టుకుని కూడా ఎంత తెలుసుకోలేకపోయానో తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

నాకు ఆట నేర్పింది మోషే మాస్టారు, మా మిషన్ బడి డ్రిల్లు మాస్టారు. ఎండాకాలం మమ్మల్ని రామాపురం తీసుకెళ్ళి సముద్రం ఒడ్డున ఇసకలో పరిగెత్తించేవారు. "కూతగాడి కళ్ళు చూడమాకండ్రా, కళ్ళు మోసం చేస్తాయి. నడుం చూడండి" అనేవారు. ఇంకో మాట కూడా అనేవారు: "దెబ్బ తగిలితే నోరు తెరిచి చెప్పండి. సిగ్గుపడొద్దు." మొదటి మాట అందరం నేర్చుకున్నాం. రెండోది విని నవ్వుకునేవాళ్ళం. నొప్పి తెలియనివాడే మగాడని మా లెక్క. చూసేవాళ్ళ లెక్కా అదే, డబ్బిచ్చి ఆడించేవాళ్ళ లెక్కా అదే.

కోటేశు

మిల్లు జట్టులో నా జోడీ కోటేశ్వరరావు. ఊరు భట్టిప్రోలు. కొంచెం పొలం ఉన్న రైతు కుటుంబం. నేను చేరిన కొత్తలో, ఊరి బయట పేట నుంచి వచ్చినవాణ్ణని, నా చెయ్యి పట్టుకోవడానికి జట్టులో ఒకరిద్దరు ఇబ్బంది పడ్డారు. మొహం మీద అనలేదు కానీ, గొలుసు కట్టేటప్పుడు నా పక్కకి రాకుండా అటూ ఇటూ సర్దుకునేవాళ్ళు. కోటేశు చూసి చూసి, ఒకరోజు వచ్చి నా పక్కన నిలబడి చెయ్యి చాపాడు.

"నీ పేరేంటి?"

"యేసురత్నం."

"సరే బావా, బిగించి పట్టు. వదిలావంటే తంతా."

ఆ రోజు నుంచి ఆటలోనూ బయటా బావా అంటే బావా. మూల అతనిది, పక్క నాది. అతని ఎడమ చెయ్యి, నా కుడి చెయ్యి.

కోటేశుకి దెబ్బంటే లెక్కలేదు. ఒకసారి తెనాలి తిరణాళ్ళలో ఆడుతుంటే కూతగాడి మోకాలు తగిలి అతని ఎడమ చిటికెన వేలు పక్కకి తిరిగిపోయింది. నేను చూసి కెవ్వుమన్నాను. అతను మాత్రం దాన్ని చూసుకుని, కుడి చేత్తో పట్టి లాగి సరిచేసుకుని, "కానీండి" అన్నాడు. గ్రౌండంతా లేచి చప్పట్లు కొట్టింది. మిల్లు యజమాని రాఘవయ్య గారు పక్కనున్న పెద్దమనుషులతో "చూశారా మావాణ్ణి! వాడికి నొప్పంటే ఏంటో తెలీదు" అన్నారు.

అందరం గర్వంగా నవ్వాం. ఆయన అన్నది అక్షరాలా నిజమని మాలో ఒక్కడికీ తట్టలేదు.

బాపట్ల ఫైనల్

ఆ ఏడు ఎండాకాలం బాపట్లలో పెద్ద టోర్నమెంటు. ఫైనల్లో మాకూ రేపల్లె జట్టుకీ పోటీ. వాళ్ళకి వీరయ్య అనే కూతగాడు ఉండేవాడు, పెనుమూడి మనిషి. పొట్టి, గట్టి. పట్టుకుంటే చేపలా జారేవాడు. కూతకి తప్ప నోరు తెరిచేవాడు కాదు.

ఆఖరి కూత. మేం ఒక్క పాయింటు ముందున్నాం. వీరయ్య లోపలికి దిగి కోటేశు వైపు కాలు చాపాడు. అదే మాకు కావలసింది. ఇద్దరం ఒక్కసారే మూసేశాం. వీరయ్య ఛాతీ మా చేతుల మీదికి వచ్చి పడింది. అయిపోయింది, గెలిచాం అనుకున్నాను.

అప్పుడు నా చేతిలో కోటేశు చెయ్యి వదులైంది.

గుంజితే ఊడిపోవడం వేరు. అది నాకు తెలుసు, చాలాసార్లు అయింది. ఇది అలా కాదు. బొటనవేలి వైపు బిగుసుకునే ఉంది. చిటికెన వేలు, ఉంగరం వేలు ఉన్న వైపు మాత్రం అసలు పట్టుకోనే లేదు. వీరయ్య ఆ సందులోంచి దూరి గీత మీద పడ్డాడు. మా ఇద్దరినీ ముట్టుకున్నాడు గనక ఇద్దరం అవుటు. కప్పు పోయింది.

రాఘవయ్య గారు చెప్పులతోనే కోర్టులోకి వచ్చారు.

"ఎంతకి అమ్ముడుపోయావురా?"

కోటేశు తల దించుకున్నాడు. నాకు కోపమొచ్చింది. "అదేంటండీ, ఆటలో జారింది" అన్నాను. కోటేశు వైపు తిరిగి, "చెప్పు బావా, కాదని చెప్పు" అన్నాను.

కోటేశు నా వైపు చూడలేదు. ఎడమ చేతిని కుడి చేత్తో కప్పుకుని నిలబడి, నెమ్మదిగా అన్నాడు:

"నిజమేనండి. వాళ్ళకి మాటిచ్చాను."

రాఘవయ్య గారు లాగి చెంప మీద కొట్టారు. ఎవరూ అడ్డం వెళ్ళలేదు. నేనూ వెళ్ళలేదు. అంతమంది జనంలో మోగిన ఆ దెబ్బకంటే, "నిజమేనండి" అన్న ఆ మాటే నన్ను చంపేసింది. కోటేశు బనియను విప్పి బెంచీ మీద పెట్టి, చొక్కా వేసుకుని బస్టాండు వైపు వెళ్ళిపోయాడు.

పొయ్యి దగ్గర

కొన్ని నెలలు గడిచాయి. నాకు వేరే జోడీని ఇచ్చారు. కోటేశు మాట ఎత్తితే జట్టులో అందరూ ఉమ్మేసేవాళ్ళు. నేను ఎత్తడం మానేశాను.

ఒకరోజు తెనాలి బస్టాండులో వీరయ్య కనపడ్డాడు. నన్ను పక్కకి పిలిచి, "అన్నా, ఒకటి అడుగుతా, ఏమనుకోమాక. కోటేశన్న ఎవరికి మాటిచ్చాడంట?" అన్నాడు.

"మీవాళ్ళకే కదా."

"మావాళ్ళెవరూ అతనితో మాట్లాడలేదన్నా. నా పిల్లల మీద ఒట్టు. మా కెప్టెన్ని అడిగా, మమ్మల్ని పంపే ఆయన్నీ అడిగా. మేం గెలిచింది ఆడి గెలిచాం. ఆ మాట అతను ఎందుకన్నాడో మాకు తెలీటం లేదు."

చెయ్యని దొంగతనాన్ని నెత్తిన వేసుకునే మనిషి ఎక్కడన్నా ఉంటాడా? అదే బస్టాండులో భట్టిప్రోలు బస్సెక్కాను.

నేను వెళ్ళేసరికి కోటేశు ఇంటి ముందు వసారాలో ఉన్నాడు. నన్ను చూసి బెదిరినట్టు లేచాడు. మళ్ళీ సర్దుకుని "కూర్చో బావా, టీ పెడతా" అన్నాడు. వసారా మూలే ఇనప కుంపటి ఉంది, బొగ్గులు ఎర్రగా కాలుతున్నాయి. గిన్నె పెట్టి పక్కన గొంతుక్కూర్చున్నాడు. నేను బస్సులో కూడగట్టుకున్నదంతా అడగడం మొదలుపెట్టాను. ఎవరూ బేరం చేయలేదంట కదా, మరి ఎందుకు ఒప్పుకున్నావని.

అతను బొగ్గుల వంక చూస్తున్నాడు. ఎడమ చెయ్యి కుంపటి అంచు మీద ఆనించి ఉంది.

నాకు ముందు వాసన తగిలింది. వెంట్రుకలు కాలిన వాసన, తర్వాత మాంసం కాలిన వాసన.

"బావా! చెయ్యి!"

కోటేశు ఉలిక్కిపడ్డాడు. కానీ చెయ్యి తియ్యలేదు. నా మొహంలోకి చూశాడు, ఏ చెయ్యి అన్నట్టు. నేను చూస్తున్న వైపు చూసి, అప్పుడు తీశాడు. అరచేతి అంచు చర్మం కుంపటికి అంటుకుని లేచి వచ్చింది. అతని మొహంలో నొప్పి లేదు. నాకు తెలిసిపోయిందన్న భయం ఒక్కటే ఉంది.

లోపల్నుంచి అతని భార్య సామ్రాజ్యం పరిగెత్తుకొచ్చింది. ఆ చేతిని చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గిన్నెలో టీ పొంగి బొగ్గుల మీద పడుతున్నా ముగ్గురిలో ఎవరం కదల్లేదు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"మోచెయ్యి కింద మచ్చ వచ్చి చాలా రోజులైందన్నయ్యా" అంది సామ్రాజ్యం. "చెమటకాయ మచ్చ అనుకున్నాం. తర్వాత ఆ చేతికి వేడీ చల్లా తెలీటం పోయింది. వేళ్ళు బిగుసుకోటం లేదంటన్నారు. మీకు దణ్ణం పెడతా, ఎక్కడా అనమాకండి."

"పెద్దరోగం బావా" అన్నాడు కోటేశు. మా వైపు కుష్ఠుని ఆ పేరుతోనే అంటారు, అది కూడా గొంతు తగ్గించి.

"మరి అమ్ముడుపోయానని ఎందుకన్నావు?"

"ఏం చెప్పమంటావు? వేళ్ళు పనిచెయ్యలేదంటే ఎందుకు చెయ్యలేదంటారు. దొంగన్నారనుకో, నాలుగు రోజులు ఊసి ఊరుకుంటారు. దొంగని పెళ్ళికి పిలుస్తారు, బంతిలో కూర్చోబెడతారు. ఈ మాట బయటపడితే మా ఇంటి గడప ఎవరూ తొక్కరు. దీనికి పుట్టింటివాళ్ళు కూడా మిగలరు." భార్య వైపు చూపించాడు. "ఆయన అడిగిందే నాకు దారి చూపించింది. నిజమేనండి అన్నాను."

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, నా కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకోడానికి కూడా భయపడ్డాను. దాన్ని కిటికీ కమ్మీ మీద పెట్టి దారంతా అలాగే వచ్చాను. ఏళ్ళ తరబడి ఆ చేతినే పట్టుకున్నాను కదా, మరి నాకు? ఇంట్లో మా పాప పరిగెత్తుకొస్తే ఎత్తుకోలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పి చాప విడిగా వేసుకుని పడుకున్నాను.

డాక్టరమ్మ గారు

బాపట్ల దగ్గర ఆ జబ్బుకి మందిచ్చే ఆసుపత్రి ఒకటుంది. ముందు నేనొక్కణ్ణే వెళ్ళాను. అక్కడ ఒక పెద్దావిడ డాక్టరు. కళ్ళు మూసుకోమని, పెన్ను మొనతో చేతుల మీద, కాళ్ళ మీద తాకిస్తూ, ఎక్కడ తాకిందో వేలు పెట్టి చూపించమన్నారు. మోచేతుల వెనక నరాలు తడిమారు. చివరికి "నీకేం లేదు బాబూ" అన్నారు.

"ఏళ్ళ తరబడి చెయ్యి పట్టుకున్నానండి."

"పట్టుకుంటే వచ్చేదైతే నాకెప్పుడో రావాలి." ఆవిడ కళ్ళజోడు తీసి నా వైపు చూశారు. "జబ్బున్న మనిషి ఇంట్లో కూర్చుంటే, జబ్బు లేని మనిషి పరిగెత్తుకొచ్చాడు. బాగుంది. అతన్నెప్పుడు తీసుకొస్తావు?"

కోటేశుని ఒప్పించడానికి సామ్రాజ్యానికీ నాకూ తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి తువ్వాలు కప్పుకుని, మొహం పక్కకి తిప్పుకుని వచ్చాడు. డాక్టరమ్మ గారు అతని ఎడమ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, కాలిన పుండు కడిగి, కట్టు కట్టారు. చేతికి తొడుగు కూడా వేసుకోలేదు. కోటేశు ఆ చేతుల వంకే చూస్తూ కూర్చున్నాడు. కట్టు అయిపోయాక కూడా ఆవిడ చెయ్యి వదల్లేదు.

"కొత్త మందులొచ్చాయి. నెలకోసారి నా ఎదురుగా వేసుకునేవి, ఇంట్లో రోజూ వేసుకునేవి. మొదలుపెడితే నీ నుంచి ఇంకొకరికి రాదు. ఆర్నెల్లు మానకుండా వాడితే జబ్బు పోతుంది. కానీ ఈ రెండు వేళ్ళ బలం పూర్తిగా తిరిగొస్తుందని నేను చెప్పలేను. మచ్చ కనపడ్డప్పుడే వస్తే చెప్పేదాన్ని."

కోటేశు అప్పుడు ఏడ్చాడు. వేలు తిరిగిపోయినా ఏడవని మనిషి, చెంప దెబ్బకీ ఏడవని మనిషి.

కోర్టు మట్టి

ఆర్నెల్లు మందులు వాడాడు, తగ్గింది. అయితే మొదటిసారి వెళ్ళిన రోజే ఆసుపత్రి గేటు దగ్గర మమ్మల్ని ఎవరో చూశారు. తెనాలికి కబురు మా కంటే ముందు చేరింది.

నేను మర్నాడు మిల్లుకి వెళ్ళేసరికి వెనక కోర్టులో కూలీలు పారలతో మట్టి తవ్వుతున్నారు. మేం ఆడిన మట్టినంతా గంపలకెత్తి, లారీలో పోసి, ఊరి బయట పారబోయించారు రాఘవయ్య గారు. కొత్త మట్టి తోలించారు. బనియన్లు కాల్పించారు. ఇన్నేళ్ళు ఆ మట్టిలో పొర్లి లేచాం, అది నోట్లో పడ్డా ఊసి మళ్ళీ ఆడాం. ఆ గొయ్యి చూస్తూ నిలబడ్డవాణ్ణి ఎంతసేపున్నానో నాకే తెలీదు.

నా చెయ్యి పట్టుకోడానికి జట్టులో ఎవరూ రాలేదు. నాకేమీ లేదని చెప్పినా రాలేదు. ఆ సీజను బాపట్లలో ఒక క్లబ్బుకి పోయి ఆడాను. పై ఏడు రాఘవయ్య గారి నుంచి కబురొచ్చింది.

వెళ్ళాను. ఆఫీసు గదిలో ఆయనొక్కరే ఉన్నారు. జట్టు వరసగా ఓడిపోతోంది. నెల తిరిగితే రేపల్లెలో టోర్నమెంటు.

"ఏరా రత్నం, వాడికి తగ్గిందంటగా?"

"తగ్గిందండి. పూర్తిగా పోయిందని డాక్టరమ్మ గారు చెప్పారండి."

"పోయిందని ఎవరికన్నా చెప్పావా?"

"అడిగినవాళ్ళకి చెబుతున్నానండి. ఎవరూ నమ్మటం లేదు."

"చెప్పమాక."

నాకు అర్థం కాలేదు. ఆయన ముందుకి వంగి, నవ్వుతూ అన్నారు: "వాణ్ణి తీసుకొచ్చి మూల నిలబెట్టు. నువ్వెలాగూ పక్కన ఉంటావు. ఏ కూతగాడు ముట్టుకుంటాడో చూద్దాం. సగం కోర్టు మనకి ఊరికే వస్తంది."

కోటేశు తొక్కిన మట్టిని కూడా తవ్వి పారబోయించిన మనిషి. ఆయన భయపడ్డాడని అప్పట్లో సర్దిచెప్పుకున్నాను, అందరూ భయపడ్డారు గనక. భయాన్ని మూట కట్టి అమ్ముకోవచ్చన్న ఆలోచన మనిషికి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. మీలో ఎవరికన్నా జట్టు యజమానులతో పని పడితే ఇదొక్కటి గుర్తుంచుకోండి: మన ఒంట్లో ఏది వాళ్ళకి పనికొస్తుందో మనకంటే వాళ్ళకే ముందు తెలుస్తుంది.

కోటేశు ఒప్పుకోడనే అనుకున్నాను. చెబితే చాలాసేపు నవ్వాడు.

"వస్తానని చెప్పు" అన్నాడు.

"బావా, నిన్ను దిష్టిబొమ్మలా నిలబెడతాడంట."

"నాకు ఇంకోసారి ఆడాలనుంది. పిలిచేవాడు ఇంకెవడున్నాడు?"

రెండు వేళ్ళూ అలాగే కొంచెం వంగి ఉన్నాయి. ప్రాక్టీసులో చెయ్యి చెయ్యి పట్టుకుంటే జారుతోంది. చివరికి నేనే అతని మణికట్టు పట్టుకోవడం అలవాటు చేసుకున్నాను.

రేపల్లె

స్కూలు గ్రౌండు నిండిపోయింది. కోటేశు కోర్టులోకి దిగగానే జనంలో గుసగుస లేచింది. ఆ మూల వైపు కూర్చున్నవాళ్ళు లేచి వెనక్కి జరిగారు.

రాఘవయ్య గారు చెప్పినట్టే అయింది. రేపల్లె కూతగాళ్ళు ఒక్కరూ మా మూలకి రాలేదు. అవతలి సగంలోనే తిరిగారు. మావాళ్ళు అయిదుగురూ అటు కమ్ముకుని ఒకడి తర్వాత ఒకణ్ణి పట్టేశారు. కోటేశూ నేనూ ఊరికే నిలబడ్డాం. వీరయ్య కూడా రాలేదు. కానీ అతను అవతల కూత పెడుతూనే మాటిమాటికీ కోటేశు చేతి వంక చూడడం గమనించాను. జనంలోంచి ఎవడో "అరే, మందు చల్లిన మడిలోకి ఎలక దిగుద్దా!" అని అరిచాడు. అందరూ నవ్వారు. నా పట్టులో కోటేశు మణికట్టు బిగుసుకుంది.

సగం ఆటకి చాలా ముందున్నాం. విరామంలో రాఘవయ్య గారు స్వయంగా సోడాలు తెప్పించారు. కోటేశు సోడా ముట్టుకోలేదు. నా చెయ్యి పట్టుకుని, స్కోరు చదివే బల్ల దగ్గరికి నడిచి, మైకు అడిగాడు. అక్కడున్నాయన మైకు ఇవ్వలేదు, బల్ల మీద వదిలేసి దూరంగా జరిగాడు.

"అందరికీ నమస్కారమండి. నాకు పెద్దరోగం వచ్చిన మాట నిజమే." గ్రౌండంతా చప్పుడు ఆగిపోయింది. "మందులు వాడాను, పోయింది. ముట్టుకుంటే రాదని డాక్టరమ్మ గారు చెప్పారు. ఈయన ఇన్నేళ్ళు నా చెయ్యి పట్టుకున్నాడు, ఈయనకి రాలేదు. నాకు నయమైందని చెప్పొద్దన్నారు మావాళ్ళు, మీరు భయపడితే మాకు లాభమని. నాకు అలా గెలవాలని లేదు. ఇంకొకటి. బాపట్లలో నేను అమ్ముడుపోలేదు. ఈ రెండు వేళ్ళూ పట్టుకోలేదు, అంతే. ఇప్పటికీ పట్టుకోవు. రండి, ఆడదాం."

బలహీనం ఎక్కడుందో శత్రువుకి మైకులో చెప్పేశాడు. రాఘవయ్య గారి మొహం చూశాను. సోడా సీసా చేతిలో అలాగే ఉండిపోయింది.

రెండో సగంలో మొదటి కూత వీరయ్యది. గీత దాటి, అటూ ఇటూ చూడకుండా, తిన్నగా మా మూలకి వచ్చాడు. కోటేశు ఎదురుగా ఆగి, చెయ్యి చాపి, అతని ఎడమ చేతి మీద అరచెయ్యి వేసి కొట్టాడు. మేం మూసేశాం. నేను మణికట్టు వదల్లేదు, కానీ కోటేశు ఎడమ చేతి వేళ్ళు బిగుసుకోక పట్టు జారింది. వీరయ్య వెళ్ళిపోయాడు. తర్వాత ఇంకొకడు వచ్చాడు. ఆ తర్వాత ఇంకొకడు. భయం పోయాక అందరూ ఆ మూలకే వచ్చారు, అక్కడ పాయింటు తేలిగ్గా దొరుకుతుంది గనక. రెండుసార్లు పట్టగలిగాం, మిగతా అన్నిసార్లూ విడిపించుకున్నారు. ఉన్న ఆధిక్యమంతా కరిగిపోయింది. ఓడిపోయాం.

ఓడిపోయి అంత సంతోషంగా ఉన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఒంటి నిండా మట్టి, మోచేతులు కొట్టుకుపోయి, కోర్టు మధ్య వెల్లకిలా పడుకుని ఆయాసపడుతూ నవ్వుతున్నాడు. రాఘవయ్య గారి వ్యాను మమ్మల్ని ఎక్కించుకోకుండానే వెళ్ళిపోయింది.

కోటేశు మళ్ళీ ఆడలేదు. తర్వాత చుట్టుపక్కల టోర్నమెంట్లకి అంపైరుగా పిలిచేవాళ్ళు. అందరూ కాదు, కొందరు. నేను ఇంకొన్ని జట్లు మారి, మోకాలు పోయాక మానేశాను. వాటిలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. ఆ సాయంత్రం జరిగింది మాత్రం ఒకటి మిగిలింది.

పొద్దు వాలుతుండగా ఇద్దరం స్కూలు వెనక కుళాయి దగ్గర మట్టి కడుక్కుంటున్నాం. వీరయ్య వచ్చాడు. గెలిచిన దండ ఇంకా మెళ్ళో ఉంది. చుట్టూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, దండ తీసి గోడ మీద పెట్టాడు.

"కోటేశన్నా, ఒక్కసారి ఇటు చూడు" అని అటు తిరిగి బనియను పైకెత్తాడు. నడుముకి పైన, రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్దది, పాలిపోయిన మచ్చ.

కోటేశు తడి చెయ్యి తుడుచుకుని ఆ మచ్చ దగ్గర వంగాడు. చర్మాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టి, గోళ్ళు దిగేలా గట్టిగా గిచ్చాడు. ఎర్రగా గాటు పడింది.

వీరయ్య గోడ వైపు చూస్తూ, ఊపిరి బిగబట్టుకుని నిలబడే ఉన్నాడు.

"గిచ్చన్నా" అన్నాడు కాసేపాగి. "భయపడమాక, గిచ్చు."

కోటేశు బనియను కిందికి దించాడు. వీరయ్య భుజం పట్టుకుని తన వైపు తిప్పుకున్నాడు.

"ఏం కాదు తమ్ముడూ. నువ్వు తొందరగానే వచ్చావు" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "బాపట్లకి బస్సు ఎన్నింటికి బావా?" అన్నాడు.